వెనక అద్దం

అక్వేరియం అద్దం గీకడానికి సుభాషిణి దగ్గర ఒక పాత ఏటీఎం కార్డు ఉండేది. ఆదివారం టిఫిన్లు అయ్యాక చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మోచేతి దాకా నీళ్ళలో పెట్టి, ముందు అద్దం మీద పేరుకున్న పాచిని పైనుంచి కిందికి గీకేది. తర్వాత రెండు పక్కలా. వెనక అద్దం జోలికి మాత్రం వెళ్ళేది కాదు. అక్కడ పాచి మఖమల్ గుడ్డలా ఒత్తుగా ఉండేది. పాచి తిని బతికే సక్కర్ చేప రోజంతా దాన్ని కరుచుకుని వేలాడేది.

"అటేపు కూడా గీకీరాదేటమ్మా? సగం తలంటు పోసుకున్నట్టు ఆ పనేటి?" అనేది అత్తగారు నూకరత్నం. ఆవిడకు తొట్టె సరిగ్గా కనపడదు. గీకే చప్పుడు ఎక్కడ ఆగిపోయిందో విని చెప్పేది.

"ముందు అద్దం మనకత్తయ్యా, చూసుకోడానికి. వెనక అద్దం వాటికి, బతకడానికి."

"నీ చేపలూ, నీ చదువూ!" అని నవ్వేది నూకరత్నం.

ఆవిడకు మిగిలింది ఒక్క కన్ను. రాజాంలో జాకెట్లు కుట్టి కొడుకు గోవిందరావును చదివించిన మనిషి. ఎడమ కంట్లో శుక్లం ముదిరితే ఎక్కడో ఉచిత శిబిరం పెట్టారని వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. ఆ కన్ను చీము పట్టి పోయింది. కొన్నేళ్ళకు కుడి కంట్లోనూ శుక్లం మొదలైంది. ఇప్పుడది పావుగంట పని అనీ, విశాఖపట్నంలో మంచి ఆసుపత్రిలో చేయిస్తాననీ కొడుకు ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

"మసకైనా పొద్దుందో గూకిందో నాకు తెలస్తంది. దాన్ని కూడా తీసుకెళ్ళి ఆళ్ళ చేతిలో పెట్టీమంటావేటి?" అనేది.

ఆపరేషన్‌కు బదులు ఆవిడకు నందివర్ధనం పూలున్నాయి. బాల్కనీలో కుండీలో ఉన్న మొక్కనుంచి పొద్దున్నే పూలు కోసి, స్టీలు గ్లాసులో నానబెట్టి, మధ్యాహ్నం ఆ నీళ్ళు దూది వత్తితో కంట్లో పిండుకుని పడుకునేది. చలవ అనేది. దానివల్ల మేలూ లేదు, కీడూ లేదని సుభాషిణి ఊరుకుంది.

మనవరాలు తన్మయికి ఎనిమిదేళ్ళు. పుట్టినప్పటినుంచి నానమ్మ దాన్ని చేత్తో తడిమి చూసిందే తప్ప కంటితో చూసింది లేదు. ఆ పిల్ల బడినుంచి తల గోక్కుంటూ వచ్చినప్పుడల్లా నూకరత్నానికి ప్రాణం ఉసూరుమనేది.

"రాజాంలో ఈధి ఈధంతా నా దగ్గరికే వచ్చీవోరు, తల చూపించుకోడానికి. నా చేతినుంచి ఒక్క పేను తప్పించుకునీది కాదు. ఇప్పుడు నా మనవరాలి తలే పేల పుట్టయిపోనాది."

"షాంపూ తెచ్చాను కదత్తయ్యా," అనేది సుభాషిణి.

"షాంపూతో పేలకి తలంటు పోసినట్టు. చావడమేటి, తెల్లగొస్తాయి."

సుభాషిణి పనిచేసేది ఋషికొండ దిగువన ఒక ప్రైవేటు పరిశోధనశాలలో. అక్వేరియాలకూ రొయ్యపిల్లల చెరువులకూ వాళ్ళు మందులు తయారు చేస్తారు. కొన్నేళ్ళుగా ఆమె పెంచుతున్నది కంటికి కనపడని ఒక సూక్ష్మజీవిని. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు తేట.

అద్దం మీద పాచిని గుర్తుపట్టడం దానికి నేర్పడమే చాలాకాలం కుదరలేదు. పచ్చపాచి తింటే గోధుమరంగు పాచిని వదిలేసేది. అది తింటే నల్ల మచ్చల్ని వదిలేసేది. ఒకరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తున్నప్పుడు సుభాషిణికి తట్టింది. పాచి ఏ రకమైతేనేం, అది బతికేది వెలుగును పట్టుకుని. కాబట్టి పాచిని వెతకనక్కర్లేదు. తేటగా ఉండాల్సిన చోట వెలుగు ఎక్కడ ఆగిపోతోందో వెతికి, ఆపుతున్నదాన్ని తింటే చాలు. ఆ తర్వాత పని చకచకా సాగింది. వెలుగు ఎంత ఉంటే తేట అంత చురుగ్గా తినేది. బీరువాలో చీకట్లో పెట్టిన సీసాల్లో కదలకుండా పడుండేది. ఏడాది దాటినా చచ్చేది కాదు. మరిగిస్తేనే చచ్చేది.

ఒక ఉదయం వచ్చి చూసేసరికి సీసాల లోపలివైపు మార్కర్‌తో రాసిన అంకెలన్నీ మాయమైపోయాయి. ల్యాబ్ పెద్ద డాక్టర్ చక్రధర్ పడిపడి నవ్వాడు.

"సుభాషిణిగారూ, మీ పిల్ల మన రాతను కూడా మిగల్చలేదండీ!"

అందరూ నవ్వారు. ఆ రోజునుంచి అంకెలు సీసా బయటివైపు రాయడం మొదలుపెట్టారు. సిరా కూడా వెలుగును ఆపుతుంది కదా అని సుభాషిణి అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

ల్యాబ్ తొట్టెల్లో అంతా బాగుంది, మామూలు ఇళ్ళలో ఎలా ఉంటుందో చూడాలన్నాడు చక్రధర్. ముందు మన సిబ్బంది ఇళ్ళలోనే అన్నాడు. సుభాషిణి చిన్న సీసా ఇంటికి తెచ్చి తొట్టెలో వంపుతుంటే నూకరత్నం పక్కకు వచ్చి నిలబడింది.

"ఏటది, చేపలకి టానిక్కేటి?"

"చేపలకి కాదు, అద్దానికి. ఇక నేను గీకక్కర్లేదు. పాచిని ఇదే తినేస్తుంది."

"తినీసి?"

"తినేసి ఊరుకుంటుంది."

"తిండి అయిపోయాక ఊరుకున్నోళ్ళని నానెక్కడా చూడనేదు," అంది నూకరత్నం. తన్మయి పకపక నవ్వింది.

వారం తిరిగేసరికి ముందు అద్దం కొత్తదానిలా మెరిసింది. తర్వాత పక్క అద్దాలు. ఆ తర్వాత, సుభాషిణి ఎన్నడూ తాకని వెనక అద్దం కూడా. తొట్టె వెనక ఉన్న కిటికీ, కిటికీ అవతల ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు, అన్నీ నీళ్ళలోంచి సూటిగా కనపడ్డాయి. గోవిందరావు పోర్టులో పనినుంచి వచ్చి చొక్కా విప్పుతూ, "తొట్టె ఖాళీ చేశావా?" అని అడిగాడు. రెండు గోల్డ్‌ఫిష్‌లూ, ఉబ్బుకళ్ళ నల్లచేపా గాల్లో ఈదుతున్నట్టున్నాయి.

సక్కర్ చేప చచ్చిపోయింది. కరుచుకోడానికి దానికి వెనక అద్దం మీద ఏమీ మిగల్లేదు. సుభాషిణి మేత బిళ్ళలు వేసినా తినలేదు. తన్మయి ఏడుస్తుంటే దాన్ని నందివర్ధనం కుండీలో పాతిపెట్టారు. మిగతా చేపలు ముక్కులతో అద్దానికి గుద్దుకోవడం మొదలుపెట్టాయి. ఒక మూలకు వెళ్ళి గుద్దుకుని, వెనక్కి తిరిగి, ఇంకో మూలకు వెళ్ళి గుద్దుకునేవి. అద్దం మరీ తేటగా ఉండి చేపలు దాన్ని పోల్చుకోలేకపోతున్నాయనీ, అంచులకు రంగు కాగితం అతికిస్తే మంచిదనీ సుభాషిణి ల్యాబ్‌లో చెప్పింది. సిబ్బంది ఇళ్ళలో మిగతా తొట్టెల్లోనూ ఇదే జరుగుతోందన్నారు.

"చేపకే అద్దం ఉన్నట్టు తెలియట్లేదంటే, ఇంతకంటే ప్రకటన ఏం కావాలండీ!" అన్నాడు చక్రధర్.

ఇంట్లో మరో వింత జరుగుతోంది. ఒక సాయంత్రం సుభాషిణి ఇంటికి వచ్చేసరికి నూకరత్నం గడప దగ్గర కూర్చుని గోవిందరావు చొక్కాకు బొత్తాం కుడుతోంది. సూదిలో దారం ఎవరెక్కించారని అడిగితే, "నానే," అంది. నాలుగు రోజులకు బియ్యంలో రాళ్ళు ఏరింది. ఆ తర్వాత తన్మయి గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి, "ఓలమ్మో! దీని బుగ్గ మీద పుట్టుమచ్చ ఉన్నాదని ఎవలూ చెప్పనేదేటి నాకు!" అంది. అని, ఆ పిల్ల మొహాన్ని వదలకుండా అలాగే చూస్తూ కూర్చుంది. తన్మయి సిగ్గుపడి మెలికలు తిరిగింది.

"ఎలా అమ్మా ఇది?" అన్నాడు గోవిందరావు.

"నందివర్ధనం. నమ్మనేదు కదా మీరు."

నమ్మాలో వద్దో సుభాషిణికి తెలియలేదు. శుక్లం దానంతటది కరగదని ఆమెకు తెలుసు. డాక్టరుకు చూపిద్దామంటే నూకరత్నం ఎగిరిపడింది. బాగైన కన్ను డాక్టర్లకెందుకంది. ఇల్లంతా సంతోషంగా ఉన్నప్పుడు అనుమానం పట్టుకుని కూర్చోవడం సుభాషిణికీ నచ్చలేదు. నూకరత్నం సంతకు పోయి పేల దువ్వెన కొనుక్కొచ్చింది.

"ఆదివారం ఎండలో కూకోబెట్టి నీ తల చూస్తాను. ఒక్కటి మిగిల్తే నా పేరు నూకరత్నం కాదు," అంది మనవరాలితో.

శనివారం సాయంత్రం నూకరత్నం తొట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది. సుభాషిణి పక్కన కూరగాయలు తరుగుతోంది.

"సుభాసినీ, ఈ నల్లచేప కళ్ళేటి ఇలగున్నాయి?"

"అది ఆ జాతి అత్తయ్యా. కళ్ళు ఉబ్బి ఉంటాయి."

"ఉబ్బు సంగతి కాదే. కంట్లో నలుపు నేదు. గాజుపూసలాగున్నాది. ఇటునుంచి చూస్తే అటేపు కిటికీ ఊచలు కనపడతన్నాయి."

సుభాషిణి కత్తిపీట పక్కకు జరిపి లేచింది. తొట్టెకు దగ్గరగా వంగి చూసింది. చేప మూలకు వెళ్ళి గుద్దుకుంది. వెనక్కి తిరిగింది. దాని కన్ను ఆమె ముందునుంచి నెమ్మదిగా వెళ్ళింది. నిజమే. లోపల ఏమీ లేదు. ఇంకో చేప కంట్లోనూ లేదు. అవి అద్దం తేటగా ఉండి గుద్దుకోవడం లేదు. వాటికి చూపు లేదు.

సీసాల లోపల మాయమైన అంకెలు ఆమెకు గుర్తొచ్చాయి. తేటగా ఉండాల్సిన చోట వెలుగును పట్టుకునేది ఏదైనా దానికి పాచే. కంటి వెనక ఉండే పొర కూడా వెలుగును పట్టుకునేదే. పట్టుకోబట్టే చూపు.

అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది.

"అత్తయ్యా, మీరు నందివర్ధనాలు ఏ నీళ్ళలో నానబెడుతున్నారు?"

నూకరత్నం తొట్టె మీదనుంచి మొహం తిప్పుకుంది.

"చెప్పండత్తయ్యా."

"కుళాయి నీళ్ళు బురదగా వస్తన్నాయి," అంది ఆవిడ చివరికి, తప్పు చేసిన పిల్లలా. "ఈ ఇంట్లో ఇంత తేటయిన నీళ్ళు ఇంకెక్కడున్నాయే? పాచి పట్టినప్పుడు ఈ తొట్టె అచ్చం నా కన్నులాగే ఉండీది. కిటికీ వెలుగు పచ్చగా, ముద్దగా కనిపించీది. నువ్వా సీసా పోసినాక దానికి తెల్లగా తెల్లారిపోనాది. నా కన్ను మాత్రం ఏటి, అద్దం కాదా? గ్లాసు ముంచి తీసుకున్నాను. చెప్తే తిడతావని చెప్పనేదు. కనిపించినాది కదే, సుభాసినీ! కనిపించినాది కదా!"

సుభాషిణి ఆవిడ తల తన పొట్టకు ఆనించుకుని, రెండు చేతులతో ఆ కన్ను మూసేసింది.

కంటి డాక్టరు వకుళ సుభాషిణికి కాలేజీనాటి స్నేహితురాలు. ఆదివారమైనా ఆసుపత్రి తెరిపించింది. సంగతంతా విన్నాక, అతి చిన్న వెలుగుతో నూకరత్నం కంట్లోకి ఒక్క క్షణం చూసింది. వెంటనే తనే దీపం ఆర్పేసింది.

"శుక్లం ఆనవాలు కూడా లేదు," అంది వకుళ. "నేను ఆపరేషన్ చేసినా ఇంత శుభ్రంగా రాదు. కానీ వెనక పొర అంచుల్లో ఊడిపోయింది సుభా, గోడకు సున్నం రాలినట్టు. మధ్యలో ఇంకా ఉంది. అందుకే కనపడుతోంది."

"చంపడానికి మందు?"

"కన్ను చావకుండా దాన్ని చంపేది నా దగ్గర లేదు. నీ దగ్గరుందా?"

సుభాషిణి దగ్గర ఉన్నది మరిగే నీళ్ళు. ఇంకా చీకటి.

కంటి మీద దూది, దాని మీద నల్లగుడ్డ, దాని మీద కట్టు. ఆటోలో ఇంటికి వస్తుంటే నూకరత్నం కోడలి చెయ్యి పట్టుకుని అడిగింది.

"కట్టుంటే కన్నుంటాది. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"చూస్తే అయిపోద్ది."

"వెలుగు పడినకొద్దీ అది తింటుంది. అవును."

"సబ్బుబిళ్ళలాగ," అంది నూకరత్నం.

మర్నాటికి నల్లచేప చచ్చిపోయింది. సుభాషిణి దాన్ని డబ్బాలో పెట్టుకుని చక్రధర్ గదికి వెళ్ళింది. అతను చేప కన్నును భూతద్దంతో చాలాసేపు చూశాడు. మొహం పాలిపోయింది. కానీ భూతద్దం కింద పెట్టాక అతని గొంతు మామూలుగానే ఉంది.

"కంట్లో వేసుకోమని ఎవరన్నారండీ మీ అత్తగారిని?"

"చేపలు వేసుకోలేదు కదండీ."

"చేపలకి చూపుతో పనేముందమ్మా? చూడాల్సింది కొనేవాళ్ళు. వాటికి టైముకి తిండి పడుతోంది."

"తొట్టెలో చేతులు పెట్టేది పిల్లలు. ఆ చేతులతోనే కళ్ళు నులుముకుంటారు."

"లేబుల్ మీద రాద్దాం. 'కళ్ళకు తగలనీయరాదు' అని పెద్ద అక్షరాలతో." అతను చేప డబ్బాకు మూత పెట్టాడు. "చూడండి, నేను రాక్షసుణ్ణి కాను. మనిషి కంట్లో ఇది జరిగిందనడానికి రుజువేది? మీ స్నేహితురాలు ఒక్క క్షణం చూశానంటోంది. చేతిలో ఫొటో లేదు. కంటి ఫొటో తీయించి తెండి. ఆ రోజే అన్నీ ఆపేస్తాను."

ఫొటో తీయాలంటే కంట్లోకి పెద్ద వెలుగు వేయాలి. వకుళను అడిగితే, "ఆ వెలుగు పడ్డాక మిగిలేదేమీ ఉండదు," అంది. "లేదా చూపు మొత్తం పోయాక తీయొచ్చు. అప్పుడు పోయేదేమీ ఉండదు. ఏదో ఒకటి, సుభా. నన్ను మాత్రం నిర్ణయించమనకు."

ఆ సంగతి సుభాషిణి వంటింట్లో గోవిందరావుతో చెప్పింది. అతను ప్లేటు పక్కకు నెట్టేశాడు.

"అమ్మ కన్ను తీసుకెళ్ళి వాడి బల్ల మీద పెట్టాలా?"

"నేనలా అనలేదు."

"మరి ఎందుకు చెప్తున్నావ్?"

ఆమె ప్లేటు తీసి సింకులో పెట్టింది. ఆ కట్టు ఉన్నంతకాలం రుజువు ఉండదు. రుజువు లేకపోతే సీసాలు దుకాణాలకు వెళతాయి. ఈ రెండూ ఆమె బుర్రలో పక్కపక్కనే తిరుగుతున్నాయి. ఒకదాన్ని చూసి ఇంకోటి సిగ్గుపడుతున్నట్టుంది. వంటింటికీ నూకరత్నం పడుకునే గదికీ మధ్య ఒక్క కర్టెన్ అడ్డం. ఆవిడ విన్నదో లేదో సుభాషిణికి తెలియదు.

తొట్టె నీళ్ళు మురుగు కాలవలో పోయడానికి వీల్లేదు. మురుగు నీళ్ళు చివరికి సముద్రంలోకే పోతాయి. సుభాషిణి మగ్గుతో తోడి, పెద్ద గిన్నెలో పోసి, స్టవ్ మీద తెర్లకాచింది. చల్లారాక పారబోసి, మళ్ళీ ఇంకో గిన్నె పెట్టింది. ఇల్లంతా నీచు వాసన. గుడ్డి చేపలు అడుగున మిగిలిన నీళ్ళలో ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. వాటినీ చివరి గిన్నెలో వేయక తప్పలేదు. కట్టుతో మంచం మీద కూర్చున్న నూకరత్నం ముక్కు ఎగబీల్చింది.

"చేపల పులుసేటమ్మా ఇవాళ?"

సుభాషిణి నవ్వబోయి ఏడ్చేసింది. చప్పుడు రాకుండా ఏడ్చింది కానీ, కళ్ళు లేనివాళ్ళ ముందు అది కుదిరే పని కాదు.

"ఊరుకోయే. నువ్వేటి నా కంట్లో పోసినావా?"

"నేనే తయారు చేశానత్తయ్యా."

"అద్దానికి చేసినావు. అది అద్దాన్ని బాగానే కడిగినాది." కాసేపటికి మళ్ళీ అంది, "వెనక అద్దం వాటికి, బతకడానికి అనీదానివి. నానే ఇన్నేదు."

ఇన్నాళ్ళూ వెనక అద్దాన్ని వదిలిపెట్టింది ఆమే. నాలుగు వైపులా కడిగేదాన్ని తయారు చేసిందీ ఆమే. సుభాషిణి గిన్నె కింద మంట పెంచింది.

సిబ్బంది అందరికీ ఫోన్లు చేసి నీళ్ళు మరిగించమని చెప్పింది. ఒకరు అప్పటికే మొక్కలకు పోసేశారు. ఒకరు సగం నీళ్ళు పక్కింటివాళ్ళ తొట్టెకు ఇచ్చారు, అద్దం భలే శుభ్రంగా ఉందని ముచ్చటపడి.

కట్టుతో రోజులు గడిచాయి. నూకరత్నం తడుముకుంటూ బాత్రూంకు వెళ్ళేది, తడుముకుంటూ అన్నం కలుపుకునేది. అంతకుముందు మసకలో ఆ పనులన్నీ ఎవరి సాయమూ లేకుండా చేసుకునేది. ఇప్పుడు పొద్దుందో గూకిందో కూడా తెలియదు. టీవీలో పాట వస్తే అది ఏ పూట కార్యక్రమమో అడిగి తెలుసుకునేది. ఒకసారి తన్మయి పక్కన కూర్చుని తల గోక్కుంటుంటే ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "గోకకే. పుండు పడతాది," అంది. ఆ పిల్ల చెయ్యిని చాలాసేపు వదల్లేదు.

ఆదివారం. టిఫిన్లయ్యాయి. బాల్కనీలో ఎండ పరుచుకుని నందివర్ధనం కుండీ దాకా వచ్చింది.

"సుభాసినీ, ఈ కట్టిప్పు," అంది నూకరత్నం.

"ఏమైందత్తయ్యా? దురద పెడుతోందా?"

"గుంట తల చూడాల. మాటిచ్చినాను."

గోవిందరావు పేపరు పడేసి వచ్చాడు. "పేల కోసమా అమ్మా? పేల కోసం కన్ను పోగొట్టుకుంటావా?"

"మరి దేనికోసం దాచమంటావురా? నా దినంనాడు బయటికి తీసి అందరికీ చూపిస్తావేటి, మాయమ్మ కన్ను చక్కగున్నాది అని?"

"అది కాదమ్మా..."

"నా నాయనవి కదూ. గిన్నెలో కూరుంది, తినకూడదు అంటే అది కూరేటిరా? పాచిపోద్ది. ఇప్పు సుభాసినీ. వాడు ఇప్పడు. నువ్వు ఇప్పు."

సుభాషిణి మొగుడి వైపు చూసింది. అతను గోడకు తిరిగి నిలబడ్డాడు. వద్దనలేదు. కట్టు విప్పింది. నల్లగుడ్డ తీసింది. దూది తీసే ముందు ఆగింది.

"నా అంతట నాను తీస్తాను. నీకు పాపం వద్దు," అని నూకరత్నం దూది లాగేసింది.

కన్ను నెమ్మదిగా తెరిచింది. ముందు చూసింది కోడలిని.

"చిక్కిపోనావే," అంది. తర్వాత, "ఒరే, ఇటు తిరుగు," అంది. గోవిందరావు తిరిగాడు. కొడుకును కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "గెడ్డం గీసుకో. దరిద్రం," అంది.

బాల్కనీలో పీట వేసుకుని, తన్మయిని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. జడలు విప్పింది. ఎండ నేరుగా ఆ పిల్ల తల మీద, దాని మీదికి వంగిన ఆవిడ మొహం మీద పడుతోంది. పాపిడి తీసి, వెంట్రుకలు పాయలు పాయలుగా విడదీసి, కుదుళ్ళలో దాక్కున్నదాన్ని గోటితో లాగి, బొటనవేలి గోరు మీద పెట్టి టక్కున నొక్కింది.

"దొరికినాదే దొంగముండ! ఇదిగో దీని చెల్లెలు. ఓలమ్మో, ఈపులు చూడే, ఆవాలు చల్లినట్టు!"

"నొప్పెడుతోంది నానమ్మా!"

"ఊరుకో. ఇన్నాళ్ళూ నీ రగతం తాగినాయి, అప్పుడు నొప్పెట్టనేదేటి?"

టక్. టక్. ఆవిడ వేళ్ళు కుట్టుమిషన్ మీద ఆడినట్టు ఆడుతున్నాయి. తన్మయి మొదట గునిసినా తర్వాత నానమ్మ మోకాలి మీద తల వాల్చేసింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. నూకరత్నం రాజాం వీధిలో ఎవరెవరి తలలు ఎలా ఉండేవో చెబుతోంది. ఫలానా కరణంగారి కోడలి జడ బారెడని, పేలు మూరెడని. గుమ్మంలో కూర్చున్న సుభాషిణికి తను నవ్వుతున్నానని కాసేపటి దాకా తెలియలేదు.

ఎండ కుండీ దాటి గోడెక్కింది. టక్ టక్‌ల మధ్య ఎడం పెరిగింది. కథ సాగుతూనే ఉంది. వేళ్ళు కూడా ఆగలేదు. కానీ ఆవిడ మొహం ఇప్పుడు పిల్ల తల మీదికి వంగి లేదు. కొంచెం పైకి, కుండీ వైపు లేచి ఉంది. కన్ను తెరిచే ఉంది. అందులో నలుపు లేదు. బాల్కనీ ఊచల సందుల్లోంచి వచ్చే వెలుగు అడ్డంకి లేకుండా లోపలికి పోతోంది.

నూకరత్నం కథ ఆపలేదు. గొంతు మారలేదు. ఒక పాయ తీసి, గోటితో వెతికి, బొటనవేలి మీద ఏమీ లేకుండానే టక్కున నొక్కింది.

"నానమ్మా, అక్కడ ఇందాకే చూశావు కదా!" అంది తన్మయి నిద్రమత్తులో.

ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

సుభాషిణి లేచి వచ్చి పీట పక్కన కూర్చుంది. తన్మయి తలను కొంచెం పక్కకు తిప్పి, వెంట్రుకలు విడదీసి, ఇంకా చూడని చోట కొత్త పాపిడి తీసింది. అత్తగారి చెయ్యి పట్టుకుని తెచ్చి, ఆ వేళ్ళను అక్కడ ఆనించింది.

"ఆ," అంది నూకరత్నం. "ఇక్కడున్నాయి."